ట్రోఫీ అంటే కప్పు కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో 'ట్రోఫీ: గ్రీకు మాట, అర్థం కప్పు' అని వేశారు. గ్రీకు మాటన్నది నిజమే. కప్పు మాత్రం కాదు. మా మనవరాలు ఆ ముక్క కత్తిరించి నోటుబుక్కులో అంటించేసుకుంది కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తెనాలిలో ముప్పై రెండేళ్లుగా నాది షీల్డులు, కప్పులు అమ్మే కొట్టు. పేర్లు చెక్కేదీ నేనే. రోజూ చెక్కే మాట కదా, దాని పుట్టుక ఏమిటో తెలుసుకుందామని ఎప్పుడో ఓపిగ్గా చదివాను.

గ్రీకులో 'త్రొపే' అంటే మళ్లడం. యుద్ధంలో శత్రువు వెన్నిచ్చి పరుగు తీయడానికీ అదే మాట. అతను వెన్ను చూపిన చోటే గెలిచినవాళ్లు ఒక చెట్టు మోడునో కొయ్యనో నిలబెట్టి, చేజిక్కిన శిరస్త్రాణం, కవచం, డాలు మనిషికి తొడిగినట్టు దానికి తొడిగేవారు. మన చేలల్లో దిష్టిబొమ్మను ఊహించుకోండి. దాని పేరు 'త్రొపాయొన్'. లాటిన్, ఫ్రెంచి దాటుకుని ఇంగ్లీషులో ట్రోఫీ అయింది. మకరరేఖను ఇంగ్లీషువాళ్లు 'ట్రాపిక్' అంటారే, అదీ ఈ వేరు నుంచి వచ్చిందే. అక్కడ వెనుదిరిగేది సూర్యుడు. ఏటా సంక్రాంతి బండలాగుడు పోటీలకు కప్పులు చేసిచ్చే నాకు ఈ సంగతి తెలిసినరోజు భలే సరదా వేసింది. ఇంకో తమాషా, అవతలివాడు పరుగు లంకించుకుంటేనే అసలు ట్రోఫీ. మేమేమో రెండో కప్పు మీద 'రన్నర్స్' అని చెక్కి, ఓడినవాళ్ల చేతికే ఇస్తున్నాం!

ఆటల్లో ఇచ్చేది వేరే ఉండేది. ఒలింపియాలో ఆలివ్ కొమ్మల కిరీటం. ఏథెన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పెద్ద ఉత్సవంలో బొమ్మలు గీసిన జాడీల నిండా ఆలివ్ నూనె. పోటీ బహుమతిని 'అథ్లాన్' అనేవారు, అథ్లెట్ అన్న మాట అందులోంచే పుట్టింది. కాబట్టి మీరు బొమ్మ వేసిన రెండు చెవుల బంగారు కప్పుకన్నా, మా కొట్లో గోడకు తగిలించి ఉండే కొయ్య షీల్డే ట్రోఫీకి దగ్గరి చుట్టం. కొయ్య మీద డాలు, అంతే కదా అది.

నాకు బాగా నచ్చింది మరొకటి. ఆ కొయ్య పాడైతే గ్రీకులు బాగుచేసేవారు కాదట. పగ కూడా దాంతోపాటే పుచ్చిపోవాలని. రాతితోనో కంచుతోనో మొదట చేయించినవాళ్లకు గ్రీకుల్లో మంచి పేరు రాలేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రోమన్లు ఇదేమీ పట్టించుకోలేదు. ట్రాజన్ చక్రవర్తి క్రీ.శ. 109లో, ఇప్పటి రుమేనియాలో, కొండంత రాతి ట్రోఫీ కట్టించాడు. అదీ కూలింది. ఇప్పుడు చూడబోతే కనిపించేది 1977లో తిరిగి కట్టింది.

మనకూ మాట లేకపోలేదు. కాళిదాసు 'రఘువంశం'లో రఘు మహారాజు గంగ పాయల మధ్య జయస్తంభాలు నాటాడు. కృష్ణదేవరాయలు కళింగం మీదికి వెళ్లి పొట్నూరులో నాటించాడు. పిల్లలకు 'జయస్తంభం' అని చెప్పి ఉంటే మాటకూ న్యాయం జరిగేది, కాస్త చరిత్రా తెలిసేది.

పోయిన వారమే ఒక కబడ్డీ జట్టు కుర్రాళ్లు పాత రోలింగ్ షీల్డు పట్టుకొచ్చారు. గెలిచిన ఊళ్ల పేర్లున్న చిన్న బిళ్లలతో చుట్టూ నిండిపోయింది, కొత్త బిళ్లకు చోటు లేదు. వెనక చెక్కకు చెద పట్టింది. గ్రీకులైతే దీన్ని ముట్టుకునేవారు కాదురా అని కథంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. చివర్లో ఒకడు, 'బాబాయ్, మనం గ్రీకులం కాదుగానీ, శనివారానికి ఇస్తారా లేదా?' అన్నాడు.

చెక్క మార్చి, కింద ఇంకో పలక కలిపి శుక్రవారమే ఇచ్చేశాను. మీరు సవరణ వేస్తారేమోనని మా మనవరాలు కత్తెర దగ్గర పెట్టుకు కూర్చుంది.

ఇట్లు,
షీల్డుల కొట్టు యజమాని, తెనాలి