సముద్రం వైపు ఆరు పోర్షన్లు శివరాత్రి దాకా ఇవ్వలేను

నమస్కారం.

విశాఖపట్నం పాండురంగాపురంలో, సెలవులకీ ఆస్పత్రి పనులకీ వచ్చేవాళ్లకి కొన్ని రోజుల కోసం పోర్షన్లు అద్దెకిచ్చే మా మూడంతస్తుల బిల్డింగుకి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ రాస్తున్నాను. డిసెంబరు సెలవులకి, సంక్రాంతికి సముద్రం వైపు పోర్షన్లు చెప్పి ఉంచుకున్నవాళ్లకి చాలామందికి ఫోన్ చేశాను. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. "రిపేరు జరుగుతోందండీ" అంటే, "పోయిన ఏడే కదండీ రంగులు వేయించారు, మళ్లీ రిపేరేమిటి?" అని ఒకాయన అడిగారు. నాకు గొంతు పెగల్లేదు. ఆయన అడిగినదానికి జవాబే ఇదంతా.

శ్రావణ మాసంలో ఒక మంగళవారం పొద్దున్న, మొదటి అంతస్తులో ఐదో నంబరు బాల్కనీలో పై స్లాబు నుంచి పెచ్చు ఊడి పడింది. పెచ్చు అంటే సున్నం రాలినట్టు కాదు. ఇటుకంత కాంక్రీటు ముక్క. తర్వాత తూకం వేస్తే మూడు కిలోల పైనే ఉంది. అది పడింది పేము కుర్చీలో. అంతకు ముందు నిమిషం దాకా ఆ కుర్చీలో ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన పెద్దమ్మగారు కూర్చుని ఉన్నారు. లోపల కుక్కర్ మూడో కూత వేస్తే పప్పు దించడానికి లేచారు. నేను పరుగున పైకి వెళ్లేసరికి కుర్చీ అల్లిక చిరిగి ముక్క నేల మీద పడి ఉంది, పక్కన టీ గ్లాసు ఒలికిపోకుండా అలాగే ఉంది. ఆవిడే నాకు మంచినీళ్లు ఇచ్చి, "నాకేం కాలేదు నాయనా, నువ్వు ముందు కూర్చో" అన్నారు. వాళ్లాయన రైల్వేలో రిటైరైన ఏడాది నుంచీ వాళ్లు ప్రతి శ్రావణంలో పది రోజులు మా దగ్గరే ఉంటారు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఇంజనీరుని తీసుకొచ్చాను. ఆయన చిన్న సుత్తితో ఆరు బాల్కనీల అడుగునా కొట్టి చూశారు. బాగున్న చోట ఖంగుమంటుంది, పోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఆరింట్లో నాలుగు డొల్ల. ముక్క ఊడిన చోట ఊచ బయటపడింది కదా, దాన్ని ఆయన వేలితో గీకితే ఉల్లిపొరల్లా రేకులు రేకులుగా ఊడి నా అరచేతిలో పడ్డాయి. నలిపితే ఎర్రటి పొడి. సముద్రపు గాలిలో ఉన్న ఉప్పు సన్నటి పగుళ్లలోంచి ఊచ దాకా వెళ్తుందట. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, మామూలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి దానికి. ఆ ఉబ్బుకి కాంక్రీటు లోపల్నుంచే పగిలి ఊడిపోతుంది. సముద్రం ఒడ్డున ఊచ మీద కనీసం 45 మిల్లీమీటర్ల మందం కాంక్రీటు కప్పు ఉండాలని ఇప్పటి కట్టడాల కోడ్ చెబుతోంది. మా నాన్నగారు 1986లో కట్టించిన ఈ బాల్కనీల్లో అది ముప్పావు అంగుళం కూడా లేదు. ఆ రోజుల్లో అందరూ అలాగే కట్టారు, ఆయన తప్పు కాదు.

తప్పు నాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీలో కొందరు ఇక్కడే ఉన్నారు. కిటికీ అద్దాలన్నీ పోయాయి, సముద్రపు నీళ్లు గాలితో పాటు గదుల్లోకి కొట్టాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పన్నెండు కుటుంబాలూ సామాన్లు కలిపి కింద రెండు పొయ్యిల మీద వండుకుని తిన్నాం. ఆ తర్వాత బాల్కనీల అడుగున వెంట్రుక మందం పగుళ్లు కనిపించాయి. మేస్త్రితో సిమెంటు పూయించి, పైన రంగు వేయించాను. పోయిన ఏడు వేయించిన రంగు కూడా ఆ పగుళ్ల మీదే. డబ్బు మిగుల్చుకుందామని కాదు, నిజంగా అంతే చాలనుకున్నాను. కానీ ఒక్కసారైనా ఇంజనీరుకి చూపించి ఉండాల్సింది. చూపించలేదు.

ఇంజనీరు మూడు దారులు చెప్పారు. ఊడిన చోట్ల మళ్లీ పూత పూసి రెండు మూడేళ్లు నెట్టుకురావడం ఒకటి. బాల్కనీలు పూర్తిగా కోసేసి ఆ చోట పెద్ద అద్దాల కిటికీలు పెట్టడం రెండోది. మొత్తం పగలగొట్టి మళ్లీ పోయడం మూడోది.

మొదటిది ఆ కుర్చీని చూశాక నేను చెయ్యలేను. మిగతా రెండింటి మధ్య నెల రోజులు నలిగిపోయాను. కోసెయ్యడం తేలిక. ఖర్చు మూడోదానిలో సగం కూడా కాదు, దసరాకల్లా అయిపోయేది, ఈ సీజను పోయేది కాదు. మా అమ్మా అదే మాట, మా ఆవిడా అదే మాట. "కిటికీలోంచి సముద్రం కనబడదా ఏమిటి?" అన్నారు. కనబడుతుంది. కానీ మీరు మా దగ్గరికి వచ్చేది కిటికీలోంచి చూడటానికి కాదని నాకు తెలుసు. బీచ్ రోడ్డు పొడుగునా మాకన్నా మంచి గదులు, ఏసీలు, లిఫ్టులు ఉన్న హోటళ్లు ఎన్నో ఉన్నాయి. మా దగ్గర ఉన్నది ఒక గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు, పాత మొజాయిక్ నేల, ఆ నాలుగడుగుల బాల్కనీ. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చుకుని ఇగురు పెట్టుకుని బాల్కనీలో కంచాలు పెట్టుకుని తింటారు మీరు. కుడివైపు డాల్ఫిన్స్ నోస్, ఎడమవైపు కైలాసగిరి, రాత్రయితే లంగరేసిన ఓడల దీపాలు. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆస్పత్రిలో, మనిషిని చేర్పించి ఇరవై రోజులు ఇక్కడ ఉన్న రాయగడ కుటుంబంలో ఆ పెద్దకొడుకు, రోజూ రాత్రి ఆస్పత్రి నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా బాల్కనీలో కూర్చునేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గంట కూర్చుని లేచి వెళ్లి అన్నం తినేవాడు.

పోర్టులో రిటైరైన డబ్బంతా పెట్టి నాన్నగారు ఈ బిల్డింగు కట్టారు. "జబ్బు మనిషికి హోటల్ అన్నం ఎలా పెడతారు, గంజి కాచుకోవడానికి పొయ్యి ఉండాలి" అని ప్రతి పోర్షన్‌కీ వంటిల్లు పెట్టించారు. బాల్కనీల దగ్గర కాంట్రాక్టరు వద్దంటే గొడవపడి మరీ వేయించారు. వాటిని నా చేతులతో కోయించలేను. వినాయక చవితి నాడు ఇంట్లో చెప్పేశాను, మళ్లీ పోయిద్దామని. అప్పు చేశాను. ఇప్పటికీ మా అమ్మకి నచ్చలేదు, నేను మాత్రం మార్చుకోను.

ఇక ఆలస్యం సంగతి. డిసెంబరు మొదటి వారానికి అంతా అయిపోతుందని మీకు మాటిచ్చాను. ఆ మాట తప్పింది స్టీలు వల్ల.

తుప్పును తట్టుకునే రకం ఊచలే వెయ్యాలని ఇంజనీరు రాసిచ్చారు. మేం ఇరవై ఏళ్లుగా సిమెంటు, ఇనుము కొనే షాపులోనే ఆర్డరు పెట్టి 1,20,000 అడ్వాన్సు ఇచ్చాను. షాపు పేరు రాయను. వాళ్ల నాన్న, మా నాన్న స్నేహితులు. లోడు దిగిన రోజు నేను సంతకం పెట్టేశాను కూడా. సాయంత్రం మేస్త్రి పిలిచి, "సార్, ఇది చూడండి" అని ఒక ఊచని ఎండవైపు తిప్పాడు. ఊచ మీద కంపెనీ పేరు, గ్రేడు అచ్చు వేసి ఉంటాయి కదా. మేం అడిగిన రకానికి ఉండాల్సిన అక్షరాలు దాని మీద లేవు. మరో ఊచ తీశాడు, అదీ అంతే. కట్టలకి ఉండాల్సిన రేకు ట్యాగులు తీసేసి ఉన్నాయి. అప్పటికే ఊచల మీద తుప్పు పట్టి చెయ్యి పెడితే ఎర్రగా అంటుకుంటోంది. బిల్లు మీద మాత్రం మేం అడిగిన రకమే, ధరా దానిదే.

షాపుకి వెళ్లాను. పొరపాటు జరిగిందంటే నేను ఊరుకునేవాణ్ణి. కానీ అతను కుర్చీలోంచి లేవకుండా, "అందరూ ఇవే వేస్తున్నారండీ. పైన సిమెంటు పడ్డాక ఎవరికి కనబడుతుంది?" అన్నాడు. నా బాల్కనీ అడుగున ఏం కనబడిందో నేను శ్రావణంలోనే చూశాను. ముప్పై తొమ్మిదేళ్లు సిమెంటు కింద ఉన్న ఊచ నా అరచేతిలో పొడైంది. ఆ మాట అతనికి చెప్పాను. "మీరు మరీ టెన్షన్ పడుతున్నారు" అన్నాడు. లోడు మొత్తం వెనక్కి పంపించేశాను. లారీ కూలీ కూడా నేనే కట్టుకున్నాను, ఆ ఇనుము మా గేటులో ఇంకొక రాత్రి ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. అడ్వాన్సు ఐదు విడతల్లో, తిరగ్గా తిరగ్గా వచ్చింది. ఇంకా 15,000 రావాలి. వేరే చోట సరైన సరుకు దొరికి, దిగేసరికి ఐదు వారాలు పోయాయి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చిన ఊరిది. అలాంటి ఊళ్లో ఆరు బాల్కనీలకి సరిపడా మంచి ఊచల కోసం ఐదు వారాలు తిరిగాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

ఆలోపు అల్పపీడనాల వానలు పట్టుకున్నాయి. కిందటి వారమే మొదటి రెండు బాల్కనీలు పోశాం. గోడ నుంచి ముందుకు వచ్చే స్లాబుకి అసలు ఊచలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసే కుర్రాళ్లు నడిచినప్పుడు అవి కిందికి తొక్కుకుపోతే ఉన్నా లేనట్టే. అందుకని పోసినంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను. తడపడానికి మంచినీళ్ల ట్యాంకరే తెప్పిస్తున్నాను, బోరు నీళ్లలో ఉప్పు ఉంది. బాల్కనీ ఎంత ముందుకు వస్తుందో, ఊచలు గదిలోకి అంతకన్నా ఎక్కువే వెళ్లాలి కాబట్టి ముందు గదుల నేలలు కూడా పగలగొట్టాం. ఆ మొజాయిక్ మళ్లీ దొరకదు. అక్కడ మామూలు నాపరాళ్లు వేయిస్తున్నాను, అతుకు కనిపిస్తుంది.

అందుకే సముద్రం వైపు ఆరు పోర్షన్లూ శివరాత్రి వెళ్లేదాకా ఇవ్వను. "రెండు పూర్తయ్యాయి కదా, మాకు ఇవ్వండి" అని కలకత్తా వాళ్లు అడిగారు. ఆరూ అయ్యాక ఇంజనీరు బరువు పెట్టి చూసి సరేనన్నాకే తాళాలు ఇస్తాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్లందరికీ డబ్బు తిరిగి పంపించాను. అందనివాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వెనకవైపు ఆరు పోర్షన్లు మామూలుగానే నడుస్తున్నాయి, వాటికి ఈ పని తగలదు. 1,300 బదులు 1,100 తీసుకుంటున్నాను, పగలు పది నుంచి ఐదు దాకా సుత్తి మోత ఉంటుంది కాబట్టి. పసిపిల్లలున్నవాళ్లు, ఆస్పత్రి నుంచి వచ్చి పగలు పడుకోవాల్సినవాళ్లు ఇప్పుడు రావద్దనే చెబుతున్నాను. కేజీహెచ్ పని మీద వచ్చేవాళ్లకి దగ్గర్లో నాకు తెలిసిన రెండు చోట్లు చూపిస్తాను. పని పూర్తయ్యాక అద్దె పెంచుతారా అని అడుగుతున్నారు. పెంచను. అప్పు నాది, మీది కాదు.

ఆగస్టులో ఒకరు నెట్‌లో రాశారు, "కూలిపోయే కొంప, డబ్బు కోసం జనం ప్రాణాలతో ఆడుకుంటున్నారు" అని. ఆయన ఒక్క రాత్రి ఉన్నారు. పెచ్చు ఊడిన మాట నిజం, రాసే హక్కు ఆయనకి ఉంది. కానీ రెండో మాట మా అమ్మ చదివింది. ముక్క ఊడిన ఆ పూటే ఆరు పోర్షన్లూ ఖాళీ చేయించి, డబ్బు తిరిగిచ్చి, కొందరిని నేనే వేరే చోట దింపి వచ్చాను. ఆయన్నీ నేనే దింపాను.

చిరిగిన పేము కుర్చీ మళ్లీ అల్లించాను. శివరాత్రి తర్వాత మొదటి పది రోజులు ఐదో నంబరు ఖరగ్‌పూర్ పెద్దమ్మగారికి. ఆవిడ అడగలేదు, నేనే పుస్తకంలో రాసిపెట్టాను. మిగతా ఐదూ ముందు ఫోన్ చేసినవాళ్లకి. ఉదయం తొమ్మిది లోపు గానీ సాయంత్రం ఆరు తర్వాత గానీ చెయ్యండి, మధ్యలో నేను పని దగ్గర ఉంటాను, వినపడదు.