ఐతారం నాడు, సగం మొఖానికే

కరీంనగర్,
మార్చి నెల

బిడ్డా,

కొత్త సన్‌స్క్రీన్ కొనుక్కున్నవు, సోమవారం నుంచి డ్యూటీకి అదే పెట్టుకొని దాని మీద ఫౌండేషన్ వేసుకుంటనని రాసినవు. సోమవారం వద్దు. పనికి పోయే పొద్దుగాల మొదటిసారి పెట్టుకున్నది చెడిందంటే, కడుక్కొని మళ్ల తయారయ్యే టైం ఉండదు. చెడిందని తెల్లారి కొంచెం తక్కువ తీసుకుంటవు, ఆ తెల్లారి ఇంక తక్కువ. నాకు అదే భయం. మేకప్ కింద కుదరని సన్‌స్క్రీన్ ఎంత మంచిదైనా చెయ్యి దానంతట అదే తక్కువ తీసుకుంటది, తక్కువ పెట్టుకున్నది డబ్బా మీద రాసినంత పని చెయ్యదు. నిండు కొలత పెట్టుకున్నంక కూడా దాని మీద మేకప్ నిలబడాలె. అట్ల నిలబడ్డదే నీకు సరిపోయే సన్‌స్క్రీన్.

కొలత ఎంతనో చెప్తున్న. ఎస్‌పీఎఫ్ అంటే ఎండకు చర్మం కాలకుండ ఎంత కాపాడుతదో చెప్పే నంబరు. దాన్ని పరీక్షించేటప్పుడు చర్మం మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తరు. మన మొఖానికి లెక్క గడితే సుమారు 1.2 గ్రాములు అయితది. క్రీము రకమైతే చూపుడు వేలు మీద, నడిమి వేలు మీద అడుగు నుంచి కొస దాక రెండు గీతలు పిండు, అది మొఖానికి. మెడకు, చెవులకు ఇంకో వేలు. నీళ్లలెక్క పలుచగ కారే రకమైతే వేళ్ల మీద నిలవదు, మొఖానికి పావు టీస్పూను తీసుకో. సగమే పెట్టుకుంటే రక్షణ సగానికి, ఒక్కోసారి అంతకన్న కిందికి పడిపోతది. సరిగ్గ పెట్టుకుంటున్నవో లేదో ట్యూబే చెప్తది: మొఖం ఒక్కదానికి రోజుకొక్కసారి వాడినా 50 గ్రాములది నలభై రోజులకు ఖాళీ కావాలె. మూడు నెలలు వచ్చిందంటే సగం కూడా పడతలేదన్నట్టే.

ఫౌండేషన్‌ల కూడా ఎస్‌పీఎఫ్ 15 ఉన్నది, రెండూ కలిసి ఎక్కువ అయితది కదా అని అడిగినవు. కాదు బిడ్డా, అవి కూడికలు కావు. ఆ 15 రావాలంటే ఫౌండేషన్ కూడా రెండు వేళ్ల కొలత పూయాలె, అంత ఎవ్వరూ పూయరు. ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గ పూస్తే చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలను 97 శాతం ఆపుతది, 50 అయితే 98. తేడా చిన్నదే. కానీ ఎవరి చెయ్యైనా ఎప్పుడో ఒకప్పుడు తక్కువ తీసుకుంటది కాబట్టి 50 కొన్నది మంచిగనే చేసినవు.

ఆ నంబరు కన్న పక్కనున్న పీఏ గుర్తు ఎక్కువ చూడు. అది చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల లెక్క, దాని పక్కన ప్లస్‌లు ఎన్ని ఎక్కువుంటే అంత రక్షణ. జపాన్‌ల 1996ల మొదలైన పద్ధతి, నాలుగో ప్లస్ 2013ల చేర్చిన్రు. నువ్వుండేది హనుమకొండల, పని వరంగల్‌ల. పొద్దుగాల తూర్పు దిక్కు పోతవు, సాయంత్రం పడమర దిక్కు తిరిగొస్తవు, రెండు పూటలా ఎండ ఎదురుంగనే పడతది. సాయంత్రం ఎండ చల్లబడ్డదని అనుకుంటం గని, చల్లబడేది ఎక్కువగ చర్మాన్ని కాల్చే యూవీబీ. యూవీఏ అంత తొందరగ తగ్గదు. బస్సు అద్దం, కిటికీ అద్దం యూవీబీని చాన మటుకు ఆపుతయి, యూవీఏను లోపటికి రానిస్తయి. మొఖం నల్లబడుడు, మంగు మచ్చలు ముదురుడు చాన వరకు దీంతోనే. అందుకే మూడు ప్లస్‌లకు తక్కువది వద్దు, నాలుగుంటే ఇంక మంచిది.

ట్యూబు వెనుక చిన్న అక్షరాలు కూడా చదువు. యూవీఏను ఆపే అవోబెంజోన్ అనే రసాయనం ఉంటే దాన్ని ఎండకు విరగకుండ కాపాడేది ఒకటి పక్కన ఉండాలె: ఆక్టోక్రిలీన్ గని, బెమోట్రిజినాల్ గని. అవోబెంజోన్‌తోని, యూవీబీని ఆపే ఆక్టినాక్సేట్ ఉండి, ఈ రెండింట్ల ఏదీ లేకపోతే ఎండల తొందరగ బలం పోతది. తయారుచేసినోళ్ల చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ లేని డబ్బాను ముట్టుకోనే వద్దు. "తెల్లగ చేస్తది" అని చెప్పి అమ్మేటివి అసలే వద్దు. అట్లాంటి క్రీముల్ల స్టెరాయిడ్ కలిపి అమ్ముతున్నరు, అవి మొఖం తోలును పలుచగ చేస్తయి. సన్‌స్క్రీన్ పని నీ రంగును నీకు నిలబెట్టుడు, మార్చుడు కాదు. నీ రంగుకు ఏం తక్కువ లేదు.

ఈ వారం మూడు రోజులు రాత్రి పూట చెవి వెనుక, దవడ కింద కందిగింజంత రాసి చూడు. దురద, దద్దు, మంట వస్తే అక్కడికే ఆపు. ఏం రాకపోతే ఐతారం పొద్దుగాల అసలు పరీక్ష. సగం మొఖానికి కొత్తది, సగం మొఖానికి నువ్వు ఇప్పుడు వాడేది. కుడి దిక్కు కొత్తది అనుకో, మర్చిపోకుండ అద్దం మీద రాసుకో. రెండు దిక్కులా ఒకటే మాయిశ్చరైజర్, ఒకటే ఫౌండేషన్. ఈ వారం ఇంకేదీ కొత్తది మొదలుపెట్టకు, ఫేస్‌వాష్ కూడా మార్చకు. మారిస్తే ఏది పడలేదో తెల్వదు.

మొఖం కడిగి, తడి అద్ది, మాయిశ్చరైజర్ పలుచగ రాయి. ఐదు నిమిషాలు ఆగు. సన్‌స్క్రీన్ కొలతను ఒకేసారి కాకుండ రెండు వాయిలు చెయ్. ముందు సగం చుక్కలు చుక్కలుగ పెట్టి పరిచి, రెండు నిమిషాలాగి మిగిలిన సగం. రుద్దకు. వేళ్లతోని అద్దుకుంట పరుచు, మధ్యల నుంచి బైటికి. ముక్కు పక్కల మడతలు, కనుబొమ్మల నడుమ, చెవి ముందర, జుట్టు అంచు మర్చిపోకు. తర్వాత పదిహేను నిమిషాలు చెయ్యి పెట్టొద్దు. అప్పటికి అది పొరలెక్క కుదురుకుంటది. ఆ టైంల చీర కట్టుకో, టిఫిన్ డబ్బా సర్దుకో. పదిహేను నిమిషాలైనంక కూడా వేలికి జిగురు తగులుతుంటే టిష్యూ కాగితం మెల్లగ ఒత్తి తియ్యి, ఈడ్వకు.

ఫౌండేషన్ బ్రష్‌తోని వద్దు. బ్రష్ కింది పొరను గీరుకుంట పోతది. స్పాంజిని నీళ్లల ముంచి గట్టిగ పిండి, దాంతోని ఒత్తు. టైం కలిసొస్తదని ఫౌండేషన్‌ల సన్‌స్క్రీన్ కలిపి పూసేటోళ్లు ఉన్నరు, నువ్వు అట్ల చెయ్యకు. కలిపితే ఆ పొర సరిగ్గ ఏర్పడదు, ఎక్కడ ఎంత పడ్డదో కూడా తెల్వదు.

కిటికీ పక్క వెలుతురుల అద్దం పట్టుకొని మూడుసార్లు చూడాలె: వేసుకున్న వెంటనే, గంటకు, నాలుగు గంటలకు. కొద్దిసేపు ఫ్యాన్ బంద్ చేసి చెమట పట్టనియ్యి, ఫ్యాన్ కింద అన్నీ మంచిగనే కనబడతయి. ఫ్లాష్ లేకుండ ఒక ఫొటో, ఫ్లాష్‌తోని ఒకటి తియ్యి. టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్నది అద్దంల బాగనే ఉండి ఫ్లాష్‌ల తెల్లగ కొడతది, పెండ్లిల ఫొటోలు దిగినప్పుడే అది బైటపడేది.

ఎక్కువగ వచ్చే తిప్పలు పొర లేచుడు. స్పాంజి పెట్టంగనే రబ్బరుతోని తుడిపితే రాలే పొట్టులెక్క చిన్న చిన్న ఉండలు వస్తయి. సన్‌స్క్రీన్ చెడ్డదని పారెయ్యకు, కారణాలు వేరే ఉంటయి. ఒకటి, కింద పొరలెక్కువ: సీరం, జెల్, మాయిశ్చరైజర్, దాని మీద ప్రైమర్ (మేకప్ నిలవాలని ముందు పూసేది). పొద్దుగాల సీరం మానెయ్, ప్రైమర్ నీకు అక్కరలేదు, చాన సన్‌స్క్రీన్లు ఆరినంక ప్రైమర్ పనే చేస్తయి. రెండు, ఆరక ముందే రుద్దుడు. మూడు, సన్‌స్క్రీనుకూ ఫౌండేషనుకూ పొత్తు కుదరకపోవుడు. డైమెథికోన్ అసొంటి సిలికోన్ ఎక్కువున్న సన్‌స్క్రీన్ మీద నీళ్ల రకం ఫౌండేషన్ జారుతది. దీన్ని మొఖం దాక తేకుండనే కనిపెట్టొచ్చు. చేతి వెనుక రెండింటినీ ఒక్కో చుక్క వేసి వేలితోని కలుపు. నున్నగ కలిస్తే సరే, పాలు విరిగినట్టు విడిపోతే ఆ జోడి కుదరదు. అప్పుడు మార్చాల్సింది ఫౌండేషనే కావొచ్చు. నాలుగో కారణం ఎవ్వరూ అనుకోనిది: నిన్నటి పొర పోకపోవుడు. నీళ్లకు, చెమటకు ఆగే రకం ఒట్టి ఫేస్‌వాష్‌తోని పూర్తిగ పోదు. రాత్రి దూదికి మైసెల్లార్ వాటర్ (మేకప్ తుడిచే నీళ్లు) తడిపి తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్ పెట్టు. మిగిలిన పొరే మొటిమలకు కూడా దారి.

బూడిద పూసినట్టు కనబడితే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వల్ల. అవి మంచివే, మంట తక్కువ పెడతయి, కానీ వెలుతురును చెదరగొట్టి మన చామనచాయ మీద ఊదాగ తేలుతయి. దాన్ని కప్పెటందుకు ముదురు ఫౌండేషన్ వేసుకోకు, మెడ ఒక రంగు మొఖం ఒక రంగు అయితది. రంగు కలిపిన సన్‌స్క్రీన్ చూడు. దాంట్ల ఉండే ఐరన్ ఆక్సైడ్ కంటికి కనబడే వెలుతురును కూడా కొంత ఆపుతది, అది మంగు ఉన్నోళ్లకు చాన మేలు. రంగు నీకు సరిగ్గ కలిస్తే ఫౌండేషన్ మానేసి మచ్చల దగ్గరనే కొంచెం కన్సీలర్ పెట్టుకుంటే అయిపోతది. నా మాట అడిగితే, రోజూ పనికి అదే మంచిది.

చెమటకు కరిగి కండ్లల్ల మంట పెడితే కనుబొమ్మల పైన, కండ్ల చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ స్టిక్ వాడు, మిగిలిన మొఖానికి కొత్తదే పెట్టుకో. బొట్టుబిళ్ల పెట్టుకునే చోట సన్‌స్క్రీన్ జిడ్డుకు బిళ్ల జారుతది, బిళ్లంత చోటును టిష్యూతోని అద్ది పెట్టు. బిళ్ల కింద తెల్లమచ్చ గని దురద గని కనబడితే అది సన్‌స్క్రీన్ తప్పు కాకపోవచ్చు, బిళ్ల జిగురుల ఉండే రసాయనంతోని అట్ల వస్తది. బిళ్ల మానేసి చర్మ డాక్టరుకు చూపించు.

ఎండల తిరిగితే రెండు గంటలకోసారి మళ్ల పెట్టుకోవాలె. నువ్వు కిటికీకి దూరంగ కూసుంటవు కాబట్టి మధ్యాహ్నం బైటికి పోని రోజు సాయంత్రం బయలుదేరే ముందు ఒక్కసారి చాలు. మేకప్ మీద ఎట్లంటే, ముందు టిష్యూతోని చెమట, జిడ్డు అద్దు. పొడి స్పాంజి మీద సన్‌స్క్రీన్ తీసుకొని మొఖమంత ఒత్తు, చెంపకింత, నుదుటికింత అని రెండు మూడు వాయిలు. స్టిక్ అయితే ఒక్కో చోట నాలుగుసార్లు రాయి. పౌడర్ సన్‌స్క్రీన్ మెరుపు తగ్గించెటందుకే, దాన్ని నమ్ముకోకు. స్ప్రే మొఖం మీద కొట్టకు, ఊపిరిల పోతది, చేతుల్ల కొట్టుకొని అద్దు.

బండి మీద పోయే రోజు, ఆరక ముందే చున్నీ చుట్టి హెల్మెట్ పెడితే చెంపల మీదిది సగం బట్టకు పోతది. హెల్మెట్ మెత్త తగిలే చోట దిగినంక చూసుకో. చున్నీ మీద ఆరంజి మరకలు పడితే తుప్పనుకోకు, అవోబెంజోన్ బోరు నీళ్లల్ల ఉండే ఇనుముతోని కలిస్తే ఆ రంగు తిరుగుతది. బ్లీచ్ వెయ్యకు. ట్యూబును బండి డిక్కీల పెట్టకు. మన ఎండాకాలం డిక్కీల నూనె, నీళ్లు వేరయి పోతది, పిండితే ముందుగాల నీళ్లు కారుతయి. అట్లయిందాన్ని ఊపి వాడొద్దు, పారెయ్.

మొటిమలు, చిన్న పొక్కులు వెంటనే రావు. అందుకే ఐతారం కుదిరినా మూడు వారాలు వాడినంకనే రెండో ట్యూబు కొను.

ఐతారం సాయంత్రం రెండు ఫొటోలు పంపు, ట్యూబు వెనుక భాగంది కూడా ఒకటి. ఫౌండేషన్ సీసా మీద మొదటి ఐదు పేర్లు రాయి, రెంటికీ పొత్తు కుదురుతదో లేదో చూసి చెప్త.

మీ అమ్మ