పాట పొడుగునా ఒకటే మోత

సంపాదకుల వారికి,

అయ్యా,

డీజేల మోత గురించి పత్రికలకు తరచూ ఉత్తరాలు వస్తుంటాయి. నేను రాస్తున్నది ఆ మోత గురించి కాదు. మనం సౌండు ఎంత తగ్గించుకున్నా తగ్గని మోత మరొకటుంది. అది పాటను తయారుచేసేటప్పుడే అందులోకి ఎక్కుతోంది.

1980ల్లో నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర నాకు క్యాసెట్లు రికార్డు చేసిచ్చే చిన్న దుకాణం ఉండేది. జనం చిత్తుకాగితం మీద పాటల జాబితా రాసుకొస్తే, ఎల్పీ రికార్డుల నుంచి ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించేవాణ్ణి. పల్లవికి ముందు వేణువు ఒక్కటే వినిపిస్తున్నంతసేపు డెక్కు మీటరులో ముల్లు కదిలీ కదలనట్టు ఉండి, వయొలిన్లు అందుకోగానే ఎర్రగీత దాకా లేచి, మళ్లీ వాలేది. ఎర్రగీత బాగా దాటితే శబ్దం పగిలిపోతుంది, మరీ తగ్గిస్తే చిన్న స్వరాలు టేపు బుసలో మునిగిపోతాయి. అందుకని పాటలో అన్నిటికన్నా పెద్దగా మోగే చోటు ముందొకసారి వేసి చూసుకుని, లెవెలు అక్కడికి సరిపెట్టి, ఇక పాట అయ్యేదాకా దాని జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

మొన్న మా మనవడు ఇద్దరం కలిసి విన్న ఒక పాత పాటను కంప్యూటరులో బొమ్మగా చూపించాడు. నా ఎల్పీ నుంచి తీసింది ఒకచోట దారంలా సన్నగా, ఇంకొకచోట తాటిచెట్టంత ఎత్తుగా ఉంది. అదే పాటను ‘డిజిటల్‌గా శుభ్రపరచి’ ఇప్పుడు వినిపిస్తున్నది మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రహరీగోడలా ఉంది. వేణువు వయొలిన్లంత పెద్దగా మోగుతోంది. చరణం చివర దెబ్బ పడగానే ఉలిక్కిపడాల్సిన చోట ఆ దెబ్బే లేదు, తబలా మీద తడిగుడ్డ కప్పినట్టుంది.

దీన్ని కంప్రెషన్ అంటారు. ఫైలు సైజు తగ్గించే ఎంపీత్రీ పని వేరు, ఇది వేరు. పెద్ద శబ్దాలను అణచి, చిన్న శబ్దాలతో వాటికున్న దూరం తగ్గించి, ఆపైన మొత్తాన్ని పైకి లేపుతారు. డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెలే పై హద్దు, అది దాటి వెళ్లడానికి చోటు లేదు కాబట్టి, ఇంకా లేపాలంటే శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ పెట్టి శిఖరాలను నరకాల్సిందే. విచిత్రం ఏమిటంటే, 1982లో వచ్చిన సీడీకి దాదాపు 96 డెసిబెళ్ల విస్తారం, అంటే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య అంత దూరం ఉంది, మా క్యాసెట్లకు అంతకన్నా ఎంతో తక్కువ. చోటు పెరిగాక పాటను ఇరుకు చేశారు. ఒకే పాటను రెండుసార్లు వినిపిస్తే కాస్త పెద్దగా మోగినదే బాగుందనిపించడం చెవి గుణం. పక్కవాడి పాట కంటే మన పాట చిన్నబోకూడదన్న పోటీ అక్కడ పుట్టింది.

ఆ పోటీకి ఇప్పుడు అర్థం కూడా లేదు. స్పాటిఫై పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద చెవికి ఎంత పెద్దగా తోస్తుందో చెప్పే కొలత) అనే ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తోంది. యూట్యూబ్ కూడా మరీ పెద్దగా ఉన్నవాటిని తగ్గిస్తోంది. గోడలా కట్టిన పాట అక్కడ ఎలాగూ కిందికి దిగుతుంది, నరికిన శిఖరాలు మాత్రం తిరిగి మొలవవు.

ఒంగోలు బస్సులో ఇంజను రొదకు చిన్న స్వరాలు వినపడవు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే. ఆ పని ఫోనుకో కారు స్టీరియోకో వదిలేయవచ్చు, కావలసినవాడు అక్కడ నొక్కుకుంటాడు. చేపల పులుసులో ఉప్పు తగ్గితే విస్తట్లో కలుపుకుంటాం గానీ, ఎక్కువైతే ఎవరు తీస్తారు?

హరికథ చెప్పే భాగవతార్ గొంతు తగ్గిస్తే వెనక వరుసవాళ్లు ముందుకు వంగి వినేవారు. అటువంటి భాగవతార్ సాంబమూర్తి గారి కుమారుడు మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. పాట మధ్యలో ఆయన నవ్వు, గుసగుస, ఊపిరి తీసుకునే చప్పుడు సైతం అభినయంలో భాగమే. వాటిని కూడా పల్లవి అంత పెద్దగా మోగిస్తే గుసగుసకు అర్థమేముంది?

అందువల్ల మ్యూజిక్ కంపెనీలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. పాత పాటలను తిరిగి విడుదల చేసేటప్పుడు గరగరలు తీసివేయండి, హెచ్చుతగ్గులను మాత్రం ముట్టకండి. ఇప్పటికే అణచివేసినవాటికి అసలు టేపు నుంచి మరో ప్రతి తీసి పక్కనే ఉంచండి. టేపు పాడైపోయిన పాటలుంటే, మా అటక మీద ఇంకా రెండు పెట్టెల ఎల్పీలు ఉన్నాయి. కాపీ చేసుకుని జాగ్రత్తగా తిరిగి ఇస్తామంటే, అద్దె అడగకుండా ఇస్తాను.

ఇట్లు,
ఒకనాటి క్యాసెట్ల దుకాణదారు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు.