కంచె వేశారు సరే, మొక్క ఎత్తెంత?

నదీతీర అడవుల పునరుద్ధరణ చూస్తున్న అధికారి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో కూడా ఎందుకంటే, మీ తడినేలల ప్లాట్లలో శనివారాలు టేపు పట్టుకుని తిరిగే వాలంటీర్లలో మా తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లూ చదవాలని.

న్యూ మెక్సికోలో రియో గ్రాండే వెంట ఉన్న అడవిని ఇక్కడ బోస్కే అంటారు. దానికి ప్రాణం కాటన్‌వుడ్. పేరులో కాటన్ ఉన్నా పత్తికీ ఈ చెట్టుకీ చుట్టరికం లేదు. ఎండలు ముదిరే వేళకి ఆడచెట్ల నుంచి బూరుగు దూదిలా తేలివచ్చే గింజల వల్ల వచ్చిన పేరది. ఇవాళ మనం నీడన నిలబడే పెద్ద చెట్లలో చాలా భాగం 1941, 1942 వరదలు వేసిన మేటల మీద మొలిచినవే. 1970ల్లో ఎగువన కోచిటి డ్యామ్ వచ్చాక ఆ స్థాయి వరద దిగువకి రాలేదు. గింజ ఆయుష్షు ఒకటి రెండు వారాలు. ఆలోగా తడి ఇసుక మీద పడాలి. పడి మొలిచాక నేలలో నీటిమట్టం రోజుకి సుమారు 2.5 సెంటీమీటర్ల కంటే వేగంగా దిగితే లేతవేరు దాన్ని అందుకోలేదు. వరద రాని ఒడ్డున ఈ లెక్క కుదరదు. అందుకే మీవాళ్లు చలికాలంలో పొడవాటి కొమ్మలు నరికి, నీరు తగిలేదాకా గొయ్యి తీసి పాతి, చుట్టూ కంచె వేస్తున్నారు. మంచి పనే. నా పేచీ ఆ తర్వాతి సంగతితో.

మా ప్లాటులో నింపే ఫారంలో ఒక్కో మొక్కకి రెండే గడులు: బతికింది, చచ్చింది. తూర్పు మూలన ఒక మొక్క ఉంది. మూడేళ్లు వరసగా దానికి ‘బతికింది’ దగ్గర టిక్కు పెట్టింది నేనే. నాలుగో ఏడు మోకాళ్ల మీద కూర్చుని చూద్దును కదా, నాటిననాడు నా నడుము దాకా ఉన్నది ఇప్పుడూ అక్కడే ఉంది. చిగురు వచ్చినప్పుడల్లా పోతోంది. తెగిన చివర్లు కత్తితో ఏటవాలుగా కోసినంత నున్నగా ఉన్నాయి. అది కుందేలు పని. జింకకీ, దాని కుటుంబంలోనే భారీ జంతువైన ఎల్క్‌కీ పైదవడ ముందుపళ్లు ఉండవు కాబట్టి అవి కొరికితే పీచులు లేచి చిరిగినట్టుంటుంది. ఎల్క్‌ల కోసం ఎత్తుగా వేసిన కంచెకి కింద వలకన్ను పెద్దది. కుందేలుకి అది సింహద్వారం! నివేదికలో మాత్రం ఆ మొక్క విజయాల పద్దులో ఉంది.

దీనికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదండీ. కాటన్‌వుడ్ కొమ్మ మీద, ఏటా చివరిమొగ్గ విప్పుకున్న చోట, దగ్గరదగ్గరగా గాజులు తొడిగినట్టు సన్నని గీతలు మిగులుతాయి. ఒక గీతల గుంపు నుంచి రెండో గుంపు దాకా ఒక ఏడాది పెరుగుదల. చివరి నుంచి మొదలుకి వేలితో తడుముకుంటూ వస్తే కొమ్మ కొరుకుడు పడని చోట గత కొన్నేళ్ల కథ స్కేలుకి అందుతుంది. నాకు ఇది తెలిసింది ఆ నాలుగో ఏడే. అంతకుముందు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

పక్క ప్లాటు కంచె నిరుడు తీసేశారు. ఎందుకయ్యా అంటే గడువు అయిపోయిందట. కాంట్రాక్టు గడువు! మొక్కకి ఆ కాగితంతో పనేముంది? చివరిచిగురు ఎల్క్ నోటికి అందకుండా పోయిందనడానికి పరిశోధకులు సాధారణంగా చూసే ఎత్తు సుమారు 2 మీటర్లు. కంచె తీసే తేదీని అది నిర్ణయించాలి. (నీటి ఒడ్డున చెట్లు కొరికి పడగొట్టే బీవర్‌కి ఎత్తుతో నిమిత్తం లేదు, మొదలే కొరుకుతుంది. కాండానికి వైరు మెష్ చుట్టడం ఒక్కటే దానికి మందు.)

ఇంకొకటి. కంచె బయట, అదే నేలలో, అదే ఎడంతో నాటి కొలిచే జత ప్లాటు మాకు లేదు. అలాంటప్పుడు మొక్క పెరిగింది కంచె వల్లనా, ఆ ఏడు నది బాగా పారడం వల్లనా, ఎవరు చెప్పగలరు? లోపల నీటిమట్టం చూసే గొట్టం కూడా లేదు. పై కొమ్మలు ఎండితే తెగులో, నీరు దిగిపోయిందో మేం ఊహించుకోవాల్సిందే. 1996లో మొదలైన బోస్కే ఎకోసిస్టమ్ మానిటరింగ్ ప్రోగ్రామ్‌లో బడిపిల్లలు నెలనెలా వెళ్లి భూగర్భ జలమట్టం కొలుస్తారు. పిల్లలు చేసే పని కాంట్రాక్టులో ఒక వాక్యంగా రాయడానికి అడ్డమేమిటి? అన్నట్టు, కంచెకి పక్షపాతం లేదు. బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ పాకిపోయిన టామరిస్క్‌నీ రష్యన్ ఆలివ్‌నీ కూడా అంతే శ్రద్ధగా కాపాడుతుంది. ఆ ఫారంలో వాటికీ ఒక గడి ఉండాలి.

ఆకులు రాలాక, అదే ట్యాగు మొక్కని, నేల నుంచి బతికున్న పైమొగ్గ దాకా కొలిచి, పక్కన కొరుకుడు గుర్తు రాస్తే మనిషికి మొక్కకి రెండు నిమిషాలు. ఈ నవంబరులో మా ప్లాటు మేమే కొలుస్తాం, టేపులు మావే. గేటు తాళంచెవి ఎవరి దగ్గర తీసుకోవాలో మీ కార్యాలయం ఒక్క మాట తెలియజేస్తే చాలు.

ఇట్లు
తూర్పు మూల మొక్కకి టిక్కులు పెట్టిన వాలంటీరు