సారా ఉద్యమం మా పార్టీదేనంటే ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మా మండలంలో ఒక మీటింగ్‌లో సారా వ్యతిరేక ఉద్యమం మా పార్టీ వల్లే వచ్చిందని ఒకాయన మైకులో చెప్తుంటే ఉండబట్టలేక ఇది రాస్తున్నా. 1991లో నెల్లూరు జిల్లాలో పెద్దోళ్ళకి చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు నేను ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతున్నా, పనిలేనోడు కదా అని రాత్రి బడికి వాలంటీర్‌గా వేశారు. జీతం గీతం లేదు.

వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల ఆడమనిషి పడే బాధ గురించి. అది చదివిస్తుంటే మా పెద్దమ్మ పలక పక్కన పెట్టేసి "ఇది నా కథేరా అబ్బయా, ఇంక దీర్ఘాలు రేపు దిద్దుకుందాం, ముందు ఆ సారా కొట్టు సంగతి చూద్దాం పదండి" అనింది. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో రోశమ్మ గారు, తోటి ఆడోళ్ళు కొట్టు మూయించారని అప్పటికే విన్నాం కాబట్టి ధైర్యం వచ్చేసింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పోయారు, ప్యాకెట్లన్నీ రోడ్డు మీద వేసి తొక్కితే ఆ కంపు ఎన్నాళ్ళకీ పోలా. తమాషా ఏందంటే సారా అమ్మించిందీ, పలక చేతికిచ్చిందీ ఒకే గవర్నమెంటు.

మా ఊళ్ళో మూస్తే పక్కూళ్ళో తెరుస్తారు, అందుకే 1992లో అందరూ నెల్లూరులో సారా కొట్లకు పెట్టే వేలంపాట మీద పడ్డారు, అది ఎన్నిసార్లు వాయిదా పడిందో లెక్కలేదు. అక్కడికి జనంలో సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు, మహిళా సంఘాలు, కూలి సంఘాలు, స్టూడెంట్లు, బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీల వాళ్ళు కూడా వచ్చారు, ఎవరి జెండా వాళ్ళదే గానీ ముందు వరసలో మాత్రం ఊళ్ళ ఆడోళ్ళే. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995లో పెట్టిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే ఏడుపు. సారా పోయాక రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపు గ్రూపులు పెట్టుకుంది కూడా ఈ ఆడోళ్ళే, ఇప్పుడు డ్వాక్రా మీటింగులకు పోయే పిల్లలకి ఇది ఎవరు చెప్పారు?

నా క్లాసుకొచ్చిన వాళ్ళలో ఇప్పుడు నలుగురే మిగిలారు, అందులో ఒకామెకు చెవులు వినపడవు. మీ రిపోర్టర్ని ఒకసారి పంపించండి సార్, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే వేయండి. కాస్త తొందరగా పంపండి.

ఇట్లు,
ఒక పాత అక్షరదీపం వాలంటీర్,
నెల్లూరు జిల్లా