జూలై 14న దుకాణం సెలవు, ఆ వారం పార్సిళ్ల ఆలస్యం గురించి

గౌరవనీయులైన మా కొనుగోలుదారులకు నమస్కారం.

ప్రతి ఏటా మాదిరిగానే ఈసారి కూడా జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని మా జీడిపప్పు, కొబ్బరి దుకాణాన్ని, దాని వెనుకనున్న పప్పు వలిచే షెడ్డును మూసివేస్తున్నాము. ఆ రోజు పార్సిళ్లు కదలవు, ఫోను ఎత్తేవారు ఉండరు. గత ఏడాది ఇదే సెలవు ప్రకటించినప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పాత ఖాతాదారులు కొందరు రెండు మాటలు అడిగారు. ఎప్పుడో ఆగిపోయిన విద్యుత్ కేంద్రం గొడవను వ్యాపారంలోకి ఎందుకు తెస్తున్నారన్నది మొదటిది. ఆ కేంద్రం వచ్చి ఉంటే మీకే బేరాలు పెరిగేవి కదా, వ్యాపారి అయి ఉండి వద్దనడం ఏమిటన్నది రెండోది. ఫోనులో ముక్తసరిగా బదులిచ్చి ఊరుకోవడం మర్యాద కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మా మండలంలో సముద్రానికి సమాంతరంగా ఒక పల్లపు నేల ఉంది. మేము దాన్ని బీల అంటాము. ఎగువనుంచి దిగివచ్చే వాన నీరు అక్కడ నిలిచి చుట్టుపక్కల ఊళ్ల వరిచేలకు అందుతుంది. ఎత్తిపోతల మోటార్లు ఆ నీటినే తోడుతాయి. అందులో చేపలు పట్టుకుని బతికేవారు, గడ్డి కోసుకుని పశువులను మేపుకునేవారు ఉన్నారు. అలాంటి చోట 2008లో ప్రభుత్వం దాదాపు 972 ఎకరాలను బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రానికి కేటాయించింది. సముద్రపు ఒడ్డునైతే యంత్రాలను చల్లబరచడానికి నీటికి కొదవ ఉండదు, కనుక కేంద్రం కట్టేవాళ్ల దృష్టిలో అది అనువైన స్థలమే. 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఊళ్లవాళ్లు వద్దని చెప్పినా, ఆ డిసెంబరులోనే పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఏడాది పొడుగునా నీళ్లుండే నేలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపడం మా వాళ్లకు అన్నిటికంటే మింగుడుపడని విషయం. 2010 జూలై 14న పోలీసుల అండతో పనులు మొదలుపెట్టబోయినప్పుడు జనం అడ్డుకున్నారు, కాల్పులు జరిగాయి, మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటేనన్న మాట ఇప్పటికీ ఇక్కడ ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలోని కాకరాపల్లిలో, మరో విద్యుత్ కేంద్రం దగ్గర, మళ్లీ కాల్పులు జరిగాయి. కనుక జూలై 14 మాకు పాత సంగతి కాదు. ఊరు ఊరంతా మనసు బాగులేని రోజున నేను త్రాసు ముందు కూర్చోలేను.

ఇక రెండో ప్రశ్న. నిర్మాణం సాగినన్నాళ్లు లారీల వాళ్లకు, అద్దె ఇళ్ల యజమానులకు, హోటళ్లకు నాలుగు డబ్బులు వచ్చేవన్నది నిజమే, కాదనను. నా సరుకు సంగతి వేరు. మీకు పంపే ఎండు కొబ్బరి ఆరుబయట ఎండలో ఆరుతుంది. వలిచిన జీడిపప్పును మా షెడ్డులో ఆడవాళ్లు కిటికీ వెలుతురులో బల్ల మీద పరిచి, ఒక్కొక్క గింజనూ వేలితో తిప్పి చూసి గుండు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. చిన్న మసి మరక కనబడితే చాలు, ఎంత పెద్ద గుండైనా రెండో రకం గంపలోకి పోతుంది. పొగగొట్టాల నీడలో, బూడిద చెరువు పక్కన ఈ పని ఎలా సాగేదో మీరే ఊహించుకోండి. పైగా కిడ్నీ జబ్బులు ఎందుకు వస్తున్నాయో నేటికీ తేలని ఉద్దానం ప్రాంతం ఇది. నీటిలో, గాలిలో ఇంకొకటి కలుస్తుందంటే ఇక్కడివాళ్లు భయపడడం చాదస్తం కాదు.

మరొక మాట కూడా దాచకుండా చెబుతాను. మా దగ్గర పప్పు వలిచేవారిలో చాలామంది వానాకాలం రాగానే బీల కింది పొలాలకు, నాట్లకు వెళ్లిపోతారు. అందుకే ఈ నెలల్లో మీ ఆర్డర్లు ఆలస్యమవుతుంటాయి. ఆ పొలాలే లేకపోతే వాళ్లు ఏడాది పొడుగునా నా షెడ్డుకే వచ్చేవారు, ఇచ్చినంత పుచ్చుకునేవారు. ఆ లెక్క నాకు తెలియక కాదు, అలాంటి లాభం నాకు అక్కరలేదు.

కరెంటు వద్దనే మనుషులం మేము కాము. మా బాయిలరు పొయ్యిలో జీడి పెంకులే వేస్తాము గానీ, డ్రయ్యరు, ప్యాకింగు యంత్రం నడిచేది కరెంటుతోనే. అందులో పరవాడ దగ్గరి సింహాద్రి వంటి బొగ్గు కేంద్రాల వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది. విద్యుత్ కేంద్రం ఎక్కడో ఒకచోట కట్టవలసిందే కదా అన్నవారికి నా జవాబు ఒక్కటే: చోటును నిర్ణయించే ముందు ఆ నేల మీద ఎవరు ఏం పండిస్తున్నారో నిజాయతీగా రాయాలి, వద్దన్నవారి మాటను నమోదు చేసి పక్కన పడేయకూడదు.

వ్యాపారం విషయానికి వస్తే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి తోటల స్థానంలో నాటిన మొక్కలు అన్నిచోట్లా ఇంకా పూర్తి కాపుకు రాలేదు, అందువల్ల ఎండు కొబ్బరి ధర ఈ సీజనులో తగ్గించలేను. జీడిపప్పు ధరలో మార్పు లేదు. జూలై 11 సాయంత్రం లోపు వచ్చిన ఆర్డర్లను 13న పంపించివేస్తాము; తరువాత వచ్చినవి 16 నుంచి వరుసగా బయలుదేరుతాయి. శుభకార్యాలకు సరుకు కావలసినవారు ఆ తేదీని ఆర్డరులోనే రాయండి, వాటిని ముందు కట్టిస్తాను. ఈ సెలవు గాని, పైన రాసిన అభిప్రాయాలు గాని నచ్చక ఆర్డరు రద్దు చేసుకోదలచినవారికి డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాము, కారణం అడగము.