రాయి వదిలేసిన మూలలో మనం కాపురం పెడుతున్నాం: పురపాలక మంత్రి గారికి కర్నూలు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కర్నూలులో ఇళ్ల ప్లాన్లు గీసి అప్రూవల్‌కు పెట్టే ఎల్‌టీపీని (లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్). మామూలు అర్జీ పెడితే అది ఏ సెక్షన్‌కు పోతుందో, ఎవరి బల్ల మీద ఆగుతుందో తెలుసు కాబట్టి నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడతలో దేశం మొత్తానికి కోటి ఇళ్లు అన్నారు. అందులో మన ఊరికి ఎన్ని వస్తాయో గానీ, బ్లాకులుగా కట్టేవి ఎలా ఉంటాయో మాత్రం ఇప్పుడే చెప్పగలను. జీ ప్లస్ త్రీ, అంటే కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, నాలుగు పక్కలా చదునుగా కోసిన డబ్బా, దాని పక్కన అచ్చం అలాంటిదే ఇంకోటి. కింద అంగడి ఉండదు, పైన నీడ ఉండదు. ఈసారి కర్నూలులో కొన్ని బ్లాకులైనా వేరేగా కట్టించండి. ఎలా కట్టాలో మన సీమ రాళ్లను చూసి నేర్చుకోవచ్చు అన్నదే నా మనవి.

రాళ్లను చూసి అంటే రాతి వేషం వేయమని కాదు. హైవే పక్క రిసార్టుల్లో సిమెంటును బండల్లా పూసి రంగు కొడతారే, దాని జోలికే పోవద్దు. ఎండావానల్లో రాయి ఎక్కడ అరుగుతుంది, ఎక్కడ అరగదు, ఎందుకు అన్నదే మనకు కావాల్సింది.

ముందు ఎండ సంగతి. కర్నూలు 16 డిగ్రీల అక్షాంశానికి కాస్త కింద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తర్వాత ఉత్తరానికి జరుగుతాడు. అంటే అసలు ఎండాకాలంలో దక్షిణం గోడకు పెద్దగా ఎండే తగలదు. దెబ్బంతా పగలు స్లాబుకు, సాయంత్రం పడమటి గోడకు. ఆ పడమటి గోడకు మనం పెట్టేది రెండడుగుల సన్‌షేడు. నాలుగు దాటి సూర్యుడు దిగాక ఎండ సన్‌షేడు కిందినుంచే నేరుగా మంచం మీద పడుతుంది. పడమటికి కావాల్సింది నిలువు రెక్కలు, లేదంటే లోపలికి జరిగిన కిటికీ. ఇది ప్రతి ఇంజనీరుకూ తెలుసు. అయినా నాలుగు దిక్కులకూ ఒకే సన్‌షేడు, ఎందుకంటే డ్రాయింగ్ ఒకటే. పై అంతస్తులో పడమటి మూల ఫ్లాటులో రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే పెనంలా ఉంటుంది.

ఇప్పుడు ఆదోని కొండల మీది గుండ్లను చూడండి. అవి పుట్టుకతో గుండ్రంగా లేవు. గ్రానైటు బండలో మొదట నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఉంటాయి. వాటిలోకి నీరు దిగి బండను దిమ్మెలుగా విడదీస్తుంది. దిమ్మె ముఖానికి ఒక వైపునుంచే దెబ్బ తగులుతుంది, అంచుకు రెండు వైపులనుంచి, మూలకు మూడు వైపులనుంచి. కాబట్టి ముందు మూల పోతుంది, తర్వాత అంచు పోతుంది, దిమ్మె కాస్తా గుండు అవుతుంది. మన బ్లాకులో మూడు వైపులా దెబ్బ తినేది ఆ పై మూల ఫ్లాటే. రాయి ఆ మూలను వదిలేసుకుంటుంది. మనం అక్కడ ఒక కుటుంబాన్ని పెడుతున్నాం.

ఆ మూల కట్టకండి. పై అంతస్తులో ఒక ఇల్లు, దాని కింద అంతస్తులో ఒక గది వదిలేసి మెట్లుమెట్లుగా దించండి. వదిలిన చోట నాపరాళ్లు పరిచి, మీద పందిరి వేస్తే కింది ఇంటి స్లాబుకు నీడ, నలుగురు కూర్చోవడానికి చోటు. ఇక్కడ వాస్తు అడ్డం వస్తుందని తెలుసు. నైరుతి ఎత్తుగా ఉండాలంటారు, తగ్గితే ఫ్రీగా ఇచ్చినా దిగరు. నైరుతి దించక్కర్లేదు. వేసవి సాయంత్రం ఎండ వచ్చేది వాయవ్యం వైపు నుంచి. నైరుతిని ఎత్తుగానే ఉంచి వాయవ్యం దించుదాం. ఈ ఒక్క విషయంలో సూర్యుడికీ వాస్తు సిద్ధాంతికీ రాజీ కుదురుతుంది.

తోటి ఇంజనీర్లు వెంటనే అనే మాట ఒకటుంది. అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి పోసే పద్ధతిలో ప్రతి ఫ్లోరూ ఒకేలా ఉంటేనే గిట్టుబాటు, మెట్లుమెట్లుగా అంటే కాంట్రాక్టరు టెండరే వేయడు అని. నిజమే. అయితే రాయి కూడా చేసేది అదే కదా. పగుళ్ల వరస ఒక పద్ధతిగా, దాదాపు సమదూరంలో ఉంటుంది. వంకరటింకరగా కనబడేదంతా ఆ వరసలోంచి కొన్ని దిమ్మెలు రాలిపోవడం వల్ల వచ్చిన ఆకారం. మనమూ షట్టరింగ్ మార్చొద్దు. అదే గది కొలత, అదే ప్యానెల్. కొన్ని చోట్ల బిగించకుండా వదిలేద్దాం. రెండు మూడు రకాల గదులతో, ఏది పోయాలి ఏది వదలాలి అన్న తేడాతోనే పది బ్లాకులు పది రకాలుగా వస్తాయి.

ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు, అది నిజం. 2014లో చెక్ శాస్త్రవేత్తలు ఇసుకరాయి మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి తేల్చారు. బరువు మోస్తున్న చోట రేణువులు ఒకదానితో ఒకటి బిగుసుకుని నీటికి రాలవు, బరువు లేని చోట రాలిపోతాయి. అరిగే కొద్దీ మిగిలిన భాగం మీద బరువు పెరుగుతుంది, బరువు పెరిగే కొద్దీ అది అరగడం తగ్గుతుంది. ఇసుకరాయి తోరణాలూ స్తంభాలూ అలా నిలిచిపోతాయి. తిరుమల శిలాతోరణం వేరే రాయి, క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి. అక్కడా మధ్యలో రాయి పోయింది గానీ బరువు దిగే దారి తెగలేదు. మనకూ అదే కొలత: ఖాళీలు పైనుంచి కిందికి తీసుకుంటూ రావాలి. మధ్య అంతస్తులో బోలు పెడితే దాని రెండు పక్కల గోడలు పునాది దాకా దిగాలి. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇది కొత్త లెక్కేం కాదు.

బయటి దేశాల్లో ఇలాంటివి ఇప్పటికే కట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎంవీఆర్‌డీవీ అనే ఆర్కిటెక్చర్ సంస్థ డిజైన్ చేసిన ‘వ్యాలీ’ 2022లో తెరిచారు. మూడు టవర్లు, ఎత్తైనది 100 మీటర్లు. షాపులు, ఆఫీసులు, 200 ఇళ్లు అన్నీ అందులోనే. రోడ్డు వైపు నున్నటి అద్దాలు, లోపలి వైపు చరియ విరిగిపడ్డ కొండలా రాతి పలకలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే సంస్థ గీసిన ‘క్యానియన్’ 23 అంతస్తులు, నడుమ లోయలాంటి సందు. చూడటానికి బాగుంటాయి. కానీ వ్యాలీకి 40,000కు పైగా రాతి పలకలు వేశారు, ఏది ఎక్కడో చెప్పడానికి కంప్యూటర్ ప్రోగ్రామే రాయించుకున్నారు. మన ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనులకు ఖరారు చేసిన ధరల పట్టిక) రేట్లలో ఆ వ్యవహారం కుదరదు, కుదరాల్సిన పనీ లేదు. అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది ఒక్కటే: ఒకే కట్టడంలో ఇల్లూ అంగడీ ఆఫీసూ ఉండటం, బయటివాళ్లు కూడా మెట్లెక్కి నడిచే దారి ఉండటం. అంతకంటే దగ్గరి పాఠం ఇండోర్‌లోని అరణ్య. ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి డిజైన్ చేసిన ఆ కాలనీకి 1995లో కట్టడాలకు ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అక్కడ ఇళ్లను ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు పెంచుకున్నారు.

అంగడి సంగతి మీరు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. కర్నూలు పాతబస్తీలో కింద అంగడి, పైన కాపురం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కాలనీ అనేసరికి ఇళ్లకే పరిమితం అని గీత గీస్తున్నాం. ఊరికి దూరంగా గట్టు మీద కట్టిన ఒక కాలనీలో మెట్ల కింద నాలుగడుగుల చోటులో ఒకామె ఉగ్గాని, బజ్జీ వేసి అమ్మేది. తెల్లారి ఆరింటికే జనం. బేల్దారి పనికి పోయేవాళ్లు నిలబడే తినేసి ఆటో ఎక్కేవాళ్లు. మెట్ల దారికి అడ్డం అని పొయ్యి తీసేయించారు. రూలు ప్రకారం తప్పేం లేదు, మంటలు వస్తే ఆ మెట్లే దారి. కానీ ఆ పొయ్యికి పది అడుగుల చోటు ప్లాన్‌లోనే ఎందుకు లేదు?

గండికోటలో పెన్నా కోసిన గోడను చూడండి. గట్టి పొర ముందుకు చొచ్చుకుని ఉంటుంది, మెత్తటి పొర వెనక్కి తగ్గి ఉంటుంది, ఆ తగ్గిన చోట నీడ. ఓర్వకల్లు దగ్గరి కేతవరంలో ఆదిమానవులు బొమ్మలు గీసిందీ అలాంటి రాతి పంచల్లోనే. కింది అంతస్తు ఆరడుగులు లోపలికి జరిపి, పైది ముందుకు ఉంచితే చాలు. వరసగా చిన్న అంగళ్లు, వాటి ముందు నీడలో నడిచే దారి. టైలరింగ్ మిషన్, చిల్లర కొట్టు, టిఫిన్, మీసేవ, ట్యూషన్. ఆడవాళ్లు ఇంటినుంచి రెండు మెట్లు దిగితే పని.

నీళ్ల మాట ఎత్తకుండా కర్నూలు గురించి రాయలేం. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచాయి. 2022లో అనంతపురంలో నడిమివంక కాలనీల్లోకి వచ్చింది. రాతిలో నీరు పగులు వెంటే పోతుంది. నేల మీద వంక వెంట పోతుంది. లేఅవుట్ గీసేటప్పుడు ముందు వాన నీరు పోయే దారి గుర్తించి, బ్లాకుల మధ్య సందులు ఆ దారిలోనే వదలాలి. మనం చేస్తున్నది నేలంతా చదును చేసి, ఆపైన డ్రైనేజీ తవ్వడం. వాన తక్కువ ఊళ్లు కదా, అందుకే ధీమా. మెట్ల డాబాల మీద పడిన నీటిని ఒకదాన్నుంచి ఒకదానికి దించి కింద సంపులో పట్టుకోవచ్చు. బండ మీది దోనల్లో వేసవి దాకా నీరు నిలవడం మన పల్లెల్లో చూసిందే.

రాయి కొనడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు రాళ్ల మీద గ్రంథం రాశాడు. కడప, కర్నూలు పేర్లు రాతి వర్గాల పేర్లయిపోయాయి. పాణ్యం క్వార్ట్‌జైటు, ఔకు షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి, ఇవన్నీ ఇప్పటికీ జియాలజీ విద్యార్థులు బట్టీపట్టే పేర్లు. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర నాపరాయి ముక్కలు గుట్టలు పడి ఉంటాయి. పడమటి గోడకు ఈ ముక్కలతో రెండో గోడ కట్టి, మధ్యలో నాలుగంగుళాల సందు వదిలితే వేడి లోపలికి దిగడం చాలా తగ్గుతుంది. ఒక్కటే జాగ్రత్త. నాపరాయి పొరలుపొరలుగా లేస్తుంది, సిమెంటుతో అతికిస్తే రెండు మూడేళ్లలో ఊడి కింద పడుతుంది. పడుకోబెట్టి పేర్చాలి, లేదా క్లాంపులతో పట్టించాలి.

లోపలి గాలి గురించి కూడా చెప్పాలి. బోలు పెట్టినంత మాత్రాన చల్లదనం రాదు. బెలుం గుహల్లోకి దిగినవాళ్లకు తెలుసు, 3,229 మీటర్ల గుహ అది, లోపల చెమట కారిపోతుంది, బయటినుంచి గాలి పంపాల్సి వచ్చింది. ఒక వైపే తెరుచుకున్న గది గుహే. ప్రతి ఖాళీకీ రెండో వైపు దారి ఉండాలి. మన పాత మిద్దెల్లో కప్పుకు గవాచి పెట్టింది వేడి గాలి పైకి పోవడానికే.

ఇక ఖర్చు. అంతస్తుకు 8 ఇళ్ల చొప్పున 32 ఇళ్ల బ్లాకు అనుకుందాం. నేను చెప్పినట్టు కడితే ఇళ్లు 25కో 26కో తగ్గుతాయి, కింద అంగళ్లు వస్తాయి. తగ్గిన ఇళ్లు లబ్ధిదారుల జాబితాలో కనబడతాయి, పేపర్లో వార్త వస్తుంది, ప్రతిపక్షం అడుగుతుంది. దాచాల్సిన పనిలేదు. అంగళ్ల అద్దె అపార్ట్‌మెంట్ సంఘానికే ఇవ్వండి, మోటారు కాలితే, లైట్లు పోతే ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బాగు చేసుకుంటారు. ఇప్పుడు మెయింటెనెన్స్ డబ్బు పోగవక ట్యాంకులు ఎండిపోతున్నాయి.

ప్రైవేటు బిల్డర్ల దగ్గర ఇంకో చిక్కు. 2017 బిల్డింగ్ రూల్స్, అదే జీవో 119, ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు చూసి ఎత్తు, సెట్‌బ్యాకు (చుట్టూ వదలాల్సిన ఖాళీ) చెప్పేస్తుంది. ఆ గీత దాకా నింపినవాడికి లాభం, లోపల ఖాళీ వదిలినవాడికి నష్టం. హైరైజ్ లెక్కలోకి రాని ఎత్తులోనే ఆగి, గీత చివరి దాకా పోసి, నాలుగు గోడలు లేపేస్తారు. నా దగ్గరికి వచ్చే పార్టీలు అడిగేదీ అదే, నేను గీసి ఇచ్చేదీ అదే. పడమటి వైపు, పై అంతస్తుల్లో ఖాళీ వదిలినవాళ్లకు ఫీజులో రాయితీ ఇవ్వండి. ఆ ఖాళీని తర్వాత మూసేస్తే రాయితీ వడ్డీతో వసూలు చేయండి. మూసేస్తారు, అందులో అనుమానం అక్కర్లేదు, అందుకే ఆ రెండో వాక్యం కూడా జీవోలో ఉండాలి.

మీ ఇంజనీరింగ్ విభాగం ఒక సైటు, నాలుగు బ్లాకులు చూపిస్తే చాలు. రెండు మామూలు పద్ధతిలో, రెండు ఇలా. నాలుగింటి పై అంతస్తుల్లోనూ థర్మామీటర్లు పెట్టి రెండు వేసవులు చూడండి. ఎస్‌ఎస్‌ఆర్ రేట్లతో అంచనా, షట్టరింగ్ ప్యానెళ్ల లెక్క, అంగళ్ల లేఅవుట్ నా దగ్గర గీసి ఉన్నాయి. కర్నూలులో ఏ ఆఫీసుకు రమ్మన్నా తెచ్చి చూపిస్తాను. ఆర్కిటెక్టుతో పాటు ఎస్టిమేట్లు వేసే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) కూడా కూర్చోబెట్టండి. అడ్డు ప్రశ్నలు వేసేది ఆయనే.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక ఎల్‌టీపీ